సీ/2023 ఏ3 తోకచుక్క: నా ఎక్సెల్ పట్టికలో ప్రకాశమూ స్థానమూ ఎందుకు తేడా వస్తున్నాయి?

తమ్మిలేరు | 8 అక్టోబర్ 2024

అందరికీ నమస్కారం. నేను ఏలూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దులు చూసే ఉద్యోగిని. ఆకాశం చూడడం నాకు అలవాటే తప్ప చదువు కాదు. గాంధీ జయంతి సెలవు నాడు తెల్లవారుజామున ఐదుంపావుకు కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మీద నిలబడి, 10×50 బైనాక్యులర్స్‌తో త్సుచిన్‌షాన్–అట్లాస్ (సీ/2023 ఏ3) తోకచుక్కను మొదటిసారి చూశాను. తూర్పున పొగమంచుకు కాస్త పైన, ఎవరో వేలితో అద్ది పైకి లాగినట్టు చిన్న మరక కనిపించింది. పది నిమిషాల్లో తెల్లవారి అది కూడా చెరిగిపోయింది.

ఇంటికి వచ్చాక, దాని స్థానాన్నీ ప్రకాశాన్నీ నేనే లెక్కగట్టాలన్న కోరిక పుట్టి, ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారు చేసుకున్నాను. పరిహేళి (తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే క్షణం) సెప్టెంబర్ 27, పరిహేళి దూరం 0.391 ఏయూ (భూమికీ సూర్యుడికీ ఉన్న సగటు దూరం 1 ఏయూ), ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే సంఖ్య) దాదాపు 1.0001, కక్ష్య వంపు (భూమి కక్ష్యతో చేసే కోణం) 139 డిగ్రీలు, మిగిలిన రెండు కోణాలు కూడా ప్రచురితమైన పట్టిక నుంచే తీసుకున్నాను. ఉత్కేంద్రత ఒకటికి అంత దగ్గరగా ఉంది కనుక కక్ష్యను పరావలయంగా (ఉత్కేంద్రత సరిగ్గా ఒకటైన, కొసలు కలవని వంపుగీతగా) భావించి లెక్క చేశాను. సూర్యుడి నుంచి దూరాలు ఇంటర్నెట్‌లో ఉన్న వాటితో మూడో దశాంశం వరకు సరిపోయాయి కాబట్టి అక్కడ పొరపాటు లేదనుకుంటున్నాను.

తేడా ప్రకాశం దగ్గర మొదలైంది. ప్రామాణిక మాగ్నిట్యూడ్ (సూర్యుడికీ భూమికీ 1 ఏయూ దూరంలో ఉంటే కనిపించే ప్రకాశం; సంఖ్య తగ్గితే వెలుగు ఎక్కువ) 5.5 అనీ, సూత్రంలో ‘ఎన్’ (సూర్యుడి దూరాన్ని బట్టి ప్రకాశం ఎంత జోరుగా మారుతుందో చెప్పే సంఖ్య) స్థానంలో మరొక పట్టికలో దొరికిన 10 అనీ వేశాను. జూన్ 1కి నా లెక్క ఇంటర్నెట్ లెక్క కంటే అయిదున్నర మాగ్నిట్యూడ్లు మసకగా వస్తోంది. ఆగస్టు 20 ప్రాంతంలో మాత్రం రెండు పద్దులూ పైసాతో సహా ట్యాలీ అవుతున్నాయి. సెప్టెంబర్ 27కి వచ్చేసరికి వాళ్ళు 1.2 అంటుంటే నాది దాదాపు మైనస్ 5, అంటే శుక్రుడిని మించిన వెలుగు! ఎప్పుడూ ఒకే పక్కకు తప్పితే ఏదో స్థిరాంకం తప్పనుకోవచ్చు. ఇది ఒకప్పుడు తక్కువ, ఒకప్పుడు ఎక్కువ, నడుమ ఒక్కచోట సరిగ్గా సమానం.

రెండో చిక్కు స్థానానిది. దసరా సాయంత్రం, అంటే 12వ తేదీ 6 గంటల 15 నిమిషాలకు నేను లెక్కగట్టిన బిందువు, అధికారిక పట్టిక ఇచ్చిన బిందువుకు సుమారు ఒకటింపావు డిగ్రీ దూరంలో ఉంది. బైనాక్యులర్స్‌తో వెతికేవాడికి అది పెద్ద ఇబ్బంది కాదని తెలుసు, కానీ పద్దు కుదరకపోతే నాకు నిద్ర పట్టదు. పెద్దలు దారి చూపగలరు.

స్వాతి చిత్త | 8 అక్టోబర్ 2024, రాత్రి

తమ్మిలేరు గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. రెండు లెక్కలు ఆగస్టు 20 ప్రాంతంలో కలుస్తున్నాయన్నారు కదా, ఆ రోజు తోకచుక్క సూర్యుడి నుంచి ఎంత దూరంలో ఉందో మీ పట్టికలోనే చూడండి. సరిగ్గా 1 ఏయూ ఉంటుంది. ఒకటికి లాగరిథమ్ సున్నా. సున్నాను దేనితో గుణించినా సున్నాయే కాబట్టి, ఆ గుణకం తప్పయినా ఒప్పయినా ఆ రోజుకు తేడా కనిపించదు. 1 ఏయూ అవతల లాగరిథమ్ ధనాత్మకం, గుణకం పెద్దదైతే తోకచుక్క మరీ మసకబారుతుంది. ఇవతల ఋణాత్మకం, మరీ మెరుస్తుంది. కనుక తప్పు సూర్యుడి దూరాన్ని గుణించే సంఖ్యలోనే ఉంది.

తోకచుక్క మొత్తం ప్రకాశానికి వాడుకలో ఉన్న సూత్రం ఇది: ప్రామాణిక మాగ్నిట్యూడ్‌కు భూమి నుంచి దూరపు లాగరిథమ్‌ను 5తో, సూర్యుడి నుంచి దూరపు లాగరిథమ్‌ను 2.5 ఎన్‌తో గుణించి కలపాలి. కొన్ని పట్టికలు ‘ఎన్’ విలువ ఇస్తాయి, సాధారణంగా అది 4. నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ పట్టికలు 2.5 ఎన్ మొత్తాన్నీ కలిపి ‘కే1’ అనే పేరుతో ఇస్తాయి. ‘ఎన్’ 4 అయితే ‘కే1’ 10 అవుతుంది. మీరు కే1 తెచ్చి ఎన్ గడిలో వేశారు. దాన్ని మీ సూత్రం మళ్ళీ 2.5తో గుణించి 25 చేసింది. 0.391 లాగరిథమ్ మైనస్ 0.408, పదితో గుణిస్తే మైనస్ 4.1, ఇరవై అయిదుతో గుణిస్తే మైనస్ 10.2. మీకు వచ్చిన 6.1 తేడా అదే. జూన్ 1న దూరం 2.32 ఏయూ, అక్కడ కూడా చేసి చూడండి, మీ అయిదున్నర దొరుకుతుంది.

ఈ 4 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. తోకచుక్క ఒట్టి రాయి అయి, సూర్యకాంతిని తిప్పిపంపడమే దాని పని అయితే ‘ఎన్’ 2 సరిపోతుంది, ఎందుకంటే వెలుగు దూరపు వర్గానికి విలోమంగా మారుతుంది. కానీ సూర్యుడికి దగ్గరవుతున్న కొద్దీ దాని మంచు ఆవిరై మరింత ధూళినీ వాయువునూ ఎగజిమ్ముతుంది, అంటే కాంతిని తిప్పిపంపే సరుకే పెరుగుతుంది. అందుకే సగటున నాలుగో ఘాతం. ఇది ప్రకృతి నియమం కాదు, అనేక తోకచుక్కల అనుభవం మీద పెట్టుకున్న అంచనా మాత్రమే. సౌరకుటుంబం అంచున ఉన్న సుదూరపు ఊర్ట్ మేఘం నుంచి మొదటిసారి వచ్చే తోకచుక్కలు ఎంతో దూరాన ఉండగానే పైపొరల్లోని తేలికైన మంచుల వల్ల ఆర్భాటంగా వెలిగి, లోపలికి వచ్చాక ఆ జోరు నిలబెట్టుకోలేకపోవడం కద్దు. 1973లో కొహూటెక్ అలాగే అందరి ఆశల మీదా నీళ్ళు చల్లింది. కనుక మీ పట్టికలో ‘ఎన్’ను మొదటి నుంచి చివరి దాకా ఒకే సంఖ్యగా ఉంచకండి, స్లోవేనియాలోని చర్నీ వర్హ్ వేధశాల వారు నడిపే కాబ్స్ జాబితాలో పరిశీలకుల అంచనాలు రోజువారీగా వస్తాయి, వాటిని పక్కన పెట్టుకుని నెలనెలా సరిదిద్దుకోండి.

స్థానం సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు.

డాలస్ నుంచి | 9 అక్టోబర్ 2024

స్థానం తేడాకు నేను ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ బిందువు ఆ ఒకటింపావు డిగ్రీ ఎటువైపు జరిగి ఉంది? తోకచుక్క నడిచే దారిలోనే ముందుకో వెనక్కో ఉంటే అది కాలం దగ్గరి తప్పు. దారికి అడ్డంగా పక్కకు ఉంటే అది కోణాల తప్పు, అంటే వంపు, ఆరోహణ పాతం (తోకచుక్క భూకక్ష్యా తలాన్ని కింది నుంచి పైకి దాటే చోటు), పరిహేళి కోణం (అక్కడి నుంచి పరిహేళి దాకా ఉన్న కోణం), లేదా విషువత్తు (ఆకాశపు కొలతలు మొదలయ్యే బిందువు) సంవత్సరం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడి ఇరవై ఏళ్ళుగా ఇతరుల తప్పులు వెతుకుతున్నవాడిగా చెబుతున్నాను, తేడా ఎంత అన్నదాని కంటే ఎటు అన్నదే ఎక్కువ చెబుతుంది.

కాలం తప్పయి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే సంఖ్యలు కుదురుతున్నాయి. ఈ తోకచుక్క కక్ష్య వంపు 139 డిగ్రీలు, అంటే అది గ్రహాలకు ఎదురు దిశలో తిరుగుతోంది. 12వ తేదీన అది భూమికి 0.47 ఏయూ, దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో మనకు ఎదురుగా దూసుకుపోతుంది. దాని వేగం సెకనుకు 56 కిలోమీటర్లు, మనది 30. రెండూ దాదాపు ఎదురెదురు కావడం వల్ల ఆకాశంలో అది రోజుకు 5 డిగ్రీలకు పైగా కదులుతుంది. ఇప్పుడు అయిదున్నర గంటల్లో ఎంత కదులుతుందో చూడండి: ఒకటింపావు డిగ్రీ. భారత కాలమానానికీ గ్రీనిచ్ కాలానికీ ఉన్న తేడా కూడా సరిగ్గా అయిదున్నర గంటలే. మీరు సాయంత్రం 6:15ను 18:15గా నేరుగా వేసి ఉంటారు, వేయవలసింది 12:45. అదే నిజమైతే మీ బిందువు దారిలో ముందుకు, అంటే సూర్యుడికి మరింత దూరంగా ఉండాలి.

ఒకవేళ అడ్డంగా కూడా కొంత తేడా మిగిలితే విషువత్తును అనుమానించండి. పట్టికల్లోని కోణాలు 2000 సంవత్సరపు విషువత్తుకు ఇస్తారు. విషువత్తు ఏడాదికి 50 వికలల (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, వికల అంటే కళలో అరవయ్యో వంతు) చొప్పున వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈ ఇరవై నాలుగేళ్ళలో 20 కళలకు పైగా, అంటే చంద్రబింబంలో మూడింట రెండు వంతుల తేడా వచ్చింది. మన పంచాంగకర్తలు అయనాంశ పేరుతో పోట్లాడుకునేది ఈ జరుగుబాటు గురించే. కాంతి ప్రయాణకాలం వల్ల వచ్చే తేడాను మీరు వదిలేయవచ్చు, 0.47 ఏయూ దాటడానికి కాంతికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఆలోగా తోకచుక్క ఒక కళ కూడా కదలదు.

కక్ష్యా మూలకాలకు, అంటే మీరు పట్టిక నుంచి తీసుకున్న ఆ సంఖ్యలకు, ఒక తేదీ ఉంటుంది, దాన్ని మాత్రం వదిలేయకండి. గ్రహాల ఆకర్షణ వల్లా, తోకచుక్క ఎగజిమ్మే వాయువు దానినే వెనక్కి నెట్టడం వల్లా ఆ సంఖ్యలు మెల్లగా మారుతూ ఉంటాయి. ఏడాది కిందటి మూలకాలతో ఈ రోజు స్థానం కట్టకూడదు. అసలు మొదట్లో దీని కక్ష్య కట్టడానికే పరిశీలనలు చాలలేదు. చైనాలోని పర్పుల్ మౌంటెన్ (చైనా భాషలో త్సుచిన్‌షాన్) వేధశాల 2023 జనవరి 9న దీన్ని పట్టుకుంది, కానీ ఆ తరువాత ఎవరూ చూసి ధ్రువీకరించకపోవడంతో తోకచుక్కల, చిన్న గ్రహాల పరిశీలనలను నమోదు చేసే మైనర్ ప్లానెట్ సెంటర్ జాబితా నుంచి అది జారిపోయింది. ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు మళ్ళీ చూసిన తరువాతే రెండూ ఒకటేనని తేలింది. పేరులో ఇద్దరూ ఉండడానికి కారణం అదే.

ఉత్కేంద్రత 1.0001 అనగానే ఇది సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిందని కొందరు రాస్తున్నారు, అది నమ్మకండి. 2019లో వచ్చిన బొరిసోవ్ నిజంగా బయటిది, దాని ఉత్కేంద్రత 3.36.

మబ్బుల మారాజు | 9 అక్టోబర్ 2024

ఇంత లెక్క ఎందుకండీ అని అడిగితే కోపగించుకోకండి. 2013లో ఐసాన్ శతాబ్దపు తోకచుక్క అవుతుందన్నారు, నవంబర్ 28న సూర్యుడి పక్కగా వెళ్ళి చెదిరిపోయింది. ఇదే ఏ3 గురించి మొన్న జులైలో, తోకచుక్కల మీద దశాబ్దాలుగా పనిచేసిన జ్దెనెక్ సెకానినా గారంతటి వారే, పరిహేళికి ముందే ఇది ముక్కలవడం ఖాయమని రాశారు. అది నిక్షేపంగా బతికి ఇవాళ సూర్యుడిని చుట్టి వస్తోంది. ప్రకాశం ముందే చెప్పగలిగిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదని నా అభిప్రాయం. ఎప్పుడు చూడాలో, ఎటు చూడాలో చెబితే నాబోటి వాళ్ళకు చాలు.

స్వాతి చిత్త | 11 అక్టోబర్ 2024

మారాజు గారూ, కోపం ఎందుకు, మీరన్నదాంట్లో సగం నిజం. ఎటు ఉంటుందన్నది కళల వరకు చెప్పగలం. ఎంత వెలుగుతుందన్నది ఒకటి రెండు మాగ్నిట్యూడ్ల లోపు చెప్పగలిగితే గొప్ప. గురుత్వాకర్షణకు నియమం ఉంది, మంచు ఎప్పుడు పగులుతుందో దానికి లేదు. 2007 అక్టోబర్‌లో హోమ్స్ తోకచుక్క రెండు రోజులు తిరగకుండానే 17వ మాగ్నిట్యూడ్ నుంచి మూడో మాగ్నిట్యూడ్‌కు ఎగబాకింది. ఏ సూత్రమూ దాన్ని ముందు చెప్పలేదు.

అయితే ఈ వారం జరిగినదాన్ని మాత్రం లెక్క ముందే చెప్పింది. 9వ తేదీన తోకచుక్క దాదాపు మనకూ సూర్యుడికీ నడుమ గీసిన గీత మీదికి వచ్చింది. వెనుక నుంచి వెలుగు పడ్డప్పుడు సన్నని ధూళి కాంతిని ముందువైపుకే ఎక్కువగా చిమ్ముతుంది. పొద్దున్నే కిటికీలోంచి వచ్చే ఎండపట్టీలో, సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తేనే దుమ్మురేణువులు మిలమిల మెరుస్తాయే, అలాగన్నమాట. సూర్యుడిని గమనించే సోహో ఉపగ్రహంలోని లాస్కో కెమెరా దృశ్యాల్లో అది మైనస్ 4.9 దాకా వెళ్ళిందని అంచనా కట్టారు. అప్పుడు సూర్యుడికి మూడున్నర డిగ్రీల దూరంలోనే ఉంది కాబట్టి మామూలు కంటికి అది పనికిరాని వెలుగు, బైనాక్యులర్స్‌తో వెతకడం కంటికి ప్రమాదం కూడా. తమ్మిలేరు గారి సూత్రంలో ఈ ధూళి కోణానికి (తోకచుక్క దగ్గర సూర్యుడికీ భూమికీ నడుమ ఏర్పడే కోణానికి) చోటే లేదు. 12వ తేదీకి సూత్రం సుమారు 1.3 ఇస్తుంది, ఆ సాయంత్రానికి కూడా ఆ కోణం 150 డిగ్రీల పైనే కనుక అంతకంటే ప్రకాశవంతంగా ఉండవచ్చు.

ఎటు చూడాలంటారా? 12న సూర్యుడికి 15 డిగ్రీల దూరమే, సంధ్యాకాంతిలో కష్టం. 14న 24 డిగ్రీలు. ఆ సాయంత్రం సూర్యుడు అస్తమించిన ముప్పావు గంటకు పడమటి దిక్కుకు తిరిగి నిలబడండి. ఎడమ పక్క శుక్రుడు, కుడి పక్క కాస్త కిందగా ఎర్రని స్వాతి. ఆ రెంటి నడుమ, చెయ్యి చాచి పట్టిన పిడికిలి కంటే కొద్దిగా ఎక్కువ ఎత్తులో, దాదాపు 13 డిగ్రీల మీద తోకచుక్క ఉంటుంది. భూమి దాని కక్ష్యా తలాన్ని దాటేదీ ఆ రోజుల్లోనే, కనుక తోక కాక సూర్యుడి వైపుకే సన్నని గీతలాంటి ఎదురుతోక కూడా ఫోటోల్లో పడవచ్చు. 17న పౌర్ణమి. చంద్రుడి వెలుగు పోవాలంటే 19 తరువాత చూడాలి, అప్పటికి తోకచుక్క మసకబారినా ఎత్తులో ఉంటుంది.

తమ్మిలేరు గారికి ఒక సూచన. మీరు మీ కంటితో వేసే అంచనా కూడా పట్టికలో ఒక వరుసగా రాయండి. తోకచుక్క చుక్క కాదు, పరుచుకున్న వెలుగు. దాన్ని నక్షత్రంతో నేరుగా పోల్చితే ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుంది. ముందు దాని తలను స్పష్టంగా చూసి ఎంత వెడల్పు, ఎంత వెలుగు అన్నది మనసులో పెట్టుకోండి. తరువాత బైనాక్యులర్స్ ఫోకస్ చెడగొట్టి, దగ్గరి నక్షత్రాన్ని అంతే వెడల్పు బిళ్ళగా చేసి చూడండి. తోకచుక్క కంటే కొంచెం ప్రకాశవంతమైనదొకటి, కొంచెం మసకదొకటి దొరికితే నడుమ విలువ మీ అంచనా. నక్షత్రాలు తోకచుక్కంత ఎత్తులోనే ఉండాలన్నది మరువకండి. కోస్తాలో తేమ గాలి పది డిగ్రీల ఎత్తున ఒక మాగ్నిట్యూడ్‌కు పైగా మింగేస్తుంది.

లెక్క ఎందుకు అన్నవారికి ఒక పాత ముచ్చట. హైదరాబాదు నిజామియా వేధశాల ఉద్యోగి కొడుకుగా పెరిగిన వేణు బప్పు, 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగా తాను తీసిన ఫోటో ప్లేటు మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. బప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరు పెట్టిన ఆ తోకచుక్కకు కక్ష్య కట్టి, అది తిరిగి రావడానికి 60,000 ఏళ్ళు పడుతుందని తేల్చారు. అప్పటికి ఎక్సెల్ లేదు.

తమ్మిలేరు | 21 అక్టోబర్ 2024

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. ముందుగా పద్దు సంగతి. ‘ఎన్’ గడిలో 4 వేశాను, జూన్ నుంచి ఇప్పటిదాకా ప్రకాశం వరుస అంతా కుదిరింది. డాలస్ గారు అడిగినట్టు చూస్తే నా బిందువు సరిగ్గా దారిలోనే, సూర్యుడికి దూరంగా ముందుకు జరిగి ఉంది. 12:45 వేయగానే ఒకటింపావు డిగ్రీ కాస్తా మూడో వంతు డిగ్రీకి దిగింది; ఆ మిగిలినది విషువత్తుది. ఇంటర్నెట్ పట్టికలో ఈనాటి విషువత్తుకు ఇచ్చిన వరుసతో నా 2000 సంవత్సరపు వరుసను పోలుస్తున్నానని గమనించడానికి మరో గంట పట్టింది.

ఆకాశం మాత్రం దసరా తరువాత అల్పపీడనం పుణ్యమా అని ముసురు పట్టేసింది. 14న శుక్రుడూ లేడు, స్వాతీ లేదు, ఎదురుతోక అసలే లేదు. మారాజు గారి పేరు తలుచుకున్నాను. చివరికి నిన్న, 20వ తేదీ సాయంత్రం ఏడింటికి మేడ మీద నుంచి దొరికింది. చంద్రుడు రావడానికి ఇంకా గంటకు పైగా ఉంది. తోకచుక్క ఒఫియూకస్ అనే నక్షత్రమండలంలోకి ఎక్కేసింది, వీధి దీపాల వల్ల ఒట్టి కంటికి ఉందా లేదా అన్నట్టే ఉంది, బైనాక్యులర్స్‌లో మాత్రం గుండ్రని తల, పైకి మూడు నాలుగు డిగ్రీల తోక స్పష్టంగా కనిపించాయి. ఫోకస్ చెడగొట్టి ఆ మండలంలోని డెల్టా ఒఫియూకీ నక్షత్రంతోనూ, దాని పక్కనున్న ఎప్సిలాన్‌తోనూ పోల్చాను. వాటి మాగ్నిట్యూడ్లు 2.7, 3.2. మొదటిదాని కంటే మసక, రెండోదాని కంటే ఒక పిసరు మెరుగు అనిపించి 3.0 అని రాసుకున్నాను. కిందికి వచ్చి పట్టిక తెరిస్తే సూర్యుడి దూరం 0.71, భూమి దూరం 0.58, లెక్క 2.8. మా ఇంటావిడ “రెండు పైసల తేడాకు కూడా మళ్ళీ కూర్చుంటారా” అని అడిగింది. ఈసారికి కూర్చోలేదు.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. నా తప్పుడు లెక్క సెప్టెంబర్ 27కి దాదాపు మైనస్ 5 ఇచ్చింది కదా. లాస్కో కెమెరాలో 9వ తేదీన కట్టిన అంచనా మైనస్ 4.9. సంఖ్య ఒకటే, తేదీ వేరు, కారణం వేరు. ఆ పాత వరుసను చెరిపేయకుండా పక్కన ఎర్ర సిరాతో ఉంచాను. ఇప్పుడు ధూళి కోణానికి ఒక కొత్త గడి చేర్చాలనుకుంటున్నాను, దాని సూత్రం తెలిసినవారు రాయగలరు.